హుషారమ్మ ఎడమ చెయ్యి

పోయినవారం హుషారమ్మని స్టాఫ్ బాత్రూంలో వదిలిపెట్టి వచ్చాం. లోపల గడియ వేసుకుని, కుళాయి ధారగా విప్పి, ఆ చప్పుడు చాటున ఏడుస్తోంది. బయటినుంచి ఎవరో తలుపు తట్టి, "ఏంటమ్మా, లోపల కాపురంగానీ పెట్టేశావా?" అని అడిగితే, "అద్దె కుదిరితే పెట్టేద్దామనే చూస్తున్నా!" అని తడుముకోకుండా జవాబిచ్చింది. బయటివాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. ఆవిడ మొహం కడుక్కుని, అద్దంలో ఒకసారి నవ్వి చూసుకుని, బాగానే ఉందనిపించాక గడియ తీసింది.

ఈ వారమే కథలో అడుగుపెట్టినవాళ్ళకి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. హుషారమ్మ ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. పక్షవాతంతో పడిపోయినవాళ్ళని మళ్ళీ కూర్చోబెట్టి, నిలబెట్టి, నడిపించడం ఆవిడ ఉద్యోగం. ఆ పేరు పెట్టింది రోగులే. ఆవిడ నడక నేర్పే హాల్లోకి వస్తే మూలుగుతున్నవాడు కూడా మూలుగు ఆపి, ఇవాళ ఏమంటుందో అని చెవులు రిక్కిస్తాడు.

అలాంటి మనిషికి కొన్ని నెలలుగా ఎడమ చేతిలో బలం జారిపోతోంది. మొదట సీసా మూత రాలేదు. తర్వాత తాళంచెవి తిరగలేదు. ఆ తర్వాత బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండాల్సిన కండ కరిగి, అక్కడ చిన్న గుంట పడింది. ఇంకొకరైతే పని ఎక్కువైందనో, వయసు మీద పడుతోందనో సరిపెట్టుకునేవాళ్ళు. ఆవిడకి ఆ సుఖం కూడా లేదు. అలాంటి గుంటలు ఎందరి చేతుల్లోనో చూసింది. ఆ చేతులు తర్వాత ఏమయ్యాయో కూడా దగ్గరుండి చూసింది.

నడక నేర్పేటప్పుడు రోగి నడుముకి వెడల్పాటి బెల్టు కడతారు. ఫిజియో రోగి బలం పోయిన పక్కన నిలబడి, వెనకనుంచి ఆ బెల్టు పట్టుకోవాలి. రోగికి కుడిపక్క పడిపోతే పట్టుకోవాల్సింది ఎడమ చేత్తో. అందుకని హుషారమ్మ కుడిపక్క రోగులందర్నీ మెల్లమెల్లగా తోటి ఫిజియోకి అంటగట్టింది. ఏ రోజు చూసినా గళ్ళచొక్కాలోనే కనిపిస్తాడు కాబట్టి అతన్ని అందరూ గళ్ళచొక్కా అంటారు. "తమ్ముడూ, నీ కండలు తుప్పుపడుతున్నాయి, ఈ పెద్దాయన్ని నువ్వు తీసుకో" అనేది. అతను పొంగిపోయి తీసుకునేవాడు. లొంగనిది ఒక్క టైలర్ మాస్టారే. కుడికాలు పడిపోయిన ఆ ముసలాయన, "హుషారమ్మ పట్టుకుంటేనే లేస్తా" అని మొండికేశాడు. ఆవిడ కాదనలేకపోయింది.

పోయినవారం, నడక హాల్లో రోగులు పట్టుకుని నడిచే కమ్మీల చివర మలుపు తిరుగుతుంటే, మాస్టారి మోకాలు కొంచెం మడతపడింది. అది రోజూ జరిగేదే. బెల్టు ఉన్నది అందుకే. కానీ బెల్టు పట్టుకున్న వేళ్ళు వాటంతట అవే విచ్చుకుపోయాయి. మాస్టారు చాప మీద బోర్లా పడ్డాడు. హాలంతా ఉలిక్కిపడి చూస్తుంటే, హుషారమ్మ నోటికి ముందుగా వచ్చింది పరాచికమే. "ఏంటి మాస్టారూ, నేలకి కొలతలు తీస్తున్నారా?" అంది. హమ్మయ్య, ఏమీ కాలేదన్నమాట అని అందరూ నవ్వారు. ఏమైందంటూ ఆ విభాగం నడిపే పెద్ద మేడమ్ పరుగెత్తుకొస్తే, మాస్టారే నేలమీదనుంచి, "నా కాలేనమ్మా, జారింది" అన్నాడు. హుషారమ్మ అవునూ అనలేదు, కాదూ అనలేదు. బాత్రూంలోకి వెళ్ళింది ఆ తర్వాతే.

ఇక ఈ వారం సంగతి.

పొద్దున కూతురు జడ వేయించుకోవడానికి అమ్మ ముందు కూర్చుంది. హుషారమ్మ మూడు పాయలు తీసి అల్లడం మొదలుపెట్టింది. ఎడమచేతి పాయ ఎప్పటికప్పుడు వేళ్ళ సందునుంచి జారిపోతోంది.

"అమ్మా, వదులుగా వేస్తున్నావు. మధ్యాహ్నానికే ఊడిపోతోంది."

"ఇప్పుడిదే ఫ్యాషన్ తల్లీ. బిగించి వేసుకునేది మా కాలంలో."

"నిన్న కూడా ఇదే చెప్పావు."

"ఫ్యాషన్ రోజుకొకసారి మారుతుందా ఏంటి?"

పిల్ల నవ్వలేదు. తండ్రి దగ్గరికి వెళ్ళి వీపు తిప్పి నిలబడింది. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి, తాడు పేనుతున్నట్టు ఆ జుట్టుతో కుస్తీ పట్టాడు. "మీ అమ్మ ఓపికంతా ఆసుపత్రిలో ఖర్చుపెట్టేసి వస్తోంది. మనకి మిగిలేది ఇంతే" అన్నాడు, నవ్వుతూనే. ఆయన మంచివాడు. ఒక్కమాట చెబితే ఆ గ్లాసు అక్కడే వదిలేసి ఆవిణ్ణి పెద్ద డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళేవాడు. మరి చెప్పడానికి ఏం రోగమని మీరడగొచ్చు. నేనూ అడిగాను. చెప్పనంతసేపూ అది వేళ్ళలో ఉన్న నీరసం. చెప్పిన క్షణంనుంచి అదొక జబ్బు. దానికి పరీక్షలుంటాయి, పేరుంటుంది, ఆ పేరు విన్నాక భర్త మొహం ఎలా మారుతుందో అదీ ఉంటుంది. ఆ మొహం చూడలేకే ఆవిడ నోరు మూసుకుంది. నవ్వించడం మాత్రం మానలేదు.

ఆసుపత్రి హాలు ఎప్పటిలాగే ఉంది. ఫినాయిలు వాసన, రబ్బరు చాపల వాసన, గోడవారన వరసగా చక్రాల కుర్చీలు, కిటికీలోంచి పడుతున్న మసక వెలుతురు. గుమ్మం పక్కన గోడకి హుషారమ్మ ఫొటో పెద్దది చేసి అంటించారు. పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది, కింద 'నవ్వుతూ లేద్దాం, నవ్వుతూ నడుద్దాం' అని రాసుంది. అది పెద్ద మేడమ్ ఆలోచన. కొన్నాళ్ళుగా హుషారమ్మ ఆ గుమ్మంలోంచి పోయేటప్పుడు తల అటు తిప్పడం లేదు. ఆ ఫొటోలో ఎడమ చెయ్యి నిండుగా ఉంది, ఒక ముసలావిడ భుజాన్ని గట్టిగా పట్టుకుని ఉంది.

"అక్కా, మీ మాస్టారు దిగనంటున్నాడు" అన్నాడు గళ్ళచొక్కా, ఒక రోగి మోకాలు మడిచి చాపిస్తూ.

"ఎక్కడినుంచి, గుర్రం మీదనుంచా?"

"మంచం మీదనుంచి. వెటకారం కాదక్కా, పడ్డ దగ్గర్నుంచి కింద కాలు పెట్టలేదు. నేను వెళ్ళి బతిమాలినా వినలేదు. ఇంటికి పోతాడట. సాయంత్రం కూతురొచ్చి తీసుకెళ్తుంది. మంచానికే అన్నీ అమర్చుకుంటున్నారట."

హుషారమ్మ నవ్వు మొహం మీదే ఉండిపోయింది. దాన్ని తీసెయ్యాలని కూడా తోచలేదు.

వార్డు హాలుని ఆనుకునే ఉంది. కిటికీ పక్కన చివరి మంచం మాస్టారిది. రోజూ ఈపాటికి కొలత టేపు మెళ్ళో వేసుకుని, మంచం అంచున తయారుగా కూర్చుని ఉండేవాడు. కమ్మీల మధ్య తన అడుగు ఎంత పొడుగు పడిందో ఆ టేపుతోనే కొలిపించుకునేవాడు. ఇవాళ టేపు చుట్టచుట్టి బల్లమీద పడుంది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"మాస్టారూ, తెల్లారినప్పట్నుంచి ఆ గోడనే చూస్తున్నారట. దానికేమైనా కోటు కుడుతున్నారా?"

పక్కమంచం ఆయన కిసుక్కున నవ్వాడు. మాస్టారు తిరగలేదు.

"ఇవాళ వద్దమ్మా. ఆ నవ్వు ఇంకో మంచం దగ్గరికి పట్టుకెళ్ళు."

"అన్ని మంచాలూ అయ్యాకే వచ్చా. మీ వాటా మిగిలిపోయింది."

"ఎవరికైనా ఇచ్చెయ్ నా వాటా."

ఆవిడ మంచం చుట్టూ తిరిగివెళ్ళి, గోడకీ మంచానికీ మధ్య ఇరుక్కుని ఆయన మొహానికి ఎదురుగా నిలబడింది. ఆయన గడ్డం మాసిపోయి, కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. కత్తిరించిన గుడ్డలా నీటుగా ఉండే మనిషి.

"అసలేమైంది మాస్టారూ? చెయ్యి చాలామటుకు తిరిగొచ్చింది. కాలు ఇంకో కొన్నాళ్ళకి మిషను తొక్కుతుంది. ఇంత దూరం వచ్చి ఇప్పుడు అలగడమేంటి?"

"మిషను ఇచ్చెయ్యమన్నా" అన్నాడు మాస్టారు. "మా వీధిలో ఎవరో అడుగుతున్నారు. సాయంత్రం వచ్చేముందు ఇచ్చేసి రమ్మని అమ్మాయికి చెప్పా. ఇంట్లో అది ఎదురుగా ఉంటే నేను పడుకోలేను."

ఆ మిషను గురించి ఆయన నోట వినని రోజు లేదు. దాని చక్రం ఎంత తేలిగ్గా తిరుగుతుందో, ఏ మూల నూనె వెయ్యాలో హాల్లో అందరికీ నోటికి వచ్చు. మళ్ళీ దానిముందు కూర్చోవడానికే ఆయన పళ్ళు బిగించి కమ్మీల మధ్య నడిచాడు.

"ఒక్కసారి పడితేనే ఇచ్చేస్తారా?"

"ఒక్కసారా రెండుసార్లా అని కాదమ్మా. నేను ఒంటరిగా ఉండి పడితే, సరే, నా తొందర అనుకునేవాణ్ణి. నువ్వు పట్టుకుని ఉన్నావు. బెల్టు నీ చేతిలో ఉంది. నువ్వు అంత గట్టిగా పట్టుకున్నా ఆగకుండా పడ్డానంటే, ఇంక ఆ కాల్లో ఏముంది చెప్పు? ఉత్త దుంగ. పడుకుని అదే ఆలోచిస్తున్నా. లెక్క ఎటు తిప్పినా అక్కడికే వస్తోంది."

లెక్క సరిగ్గానే ఉంది. మొదటి అంకె ఒక్కటే తప్పు. ఆ తప్పు ఏదో తెలిసిన మనిషి ఎదురుగానే నిలబడి నీళ్ళు నములుతోంది. ఇక్కడ నాకు హుషారమ్మ మీద ఒళ్ళు మండిందని ఒప్పుకుంటాను. రోజుకో వంద మాటలు మాట్లాడే మనిషికి కావలసిన ఒక్క మాట దొరకలేదు.

అప్పుడే పెద్ద మేడమ్ వార్డులోకి వచ్చింది. మాస్టారి కాళ్ళ దగ్గర నిలబడి, ఆయన వినకుండా గొంతు తగ్గించింది.

"బలవంతం చెయ్యలేం కదా. పంపించేద్దాం. మంచంలో పడితే ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు."

చెప్పక్కర్లేదు. నడుము కింద పుండ్లు పడతాయి. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది. మొదట్లో ఇంటిల్లిపాదీ చుట్టూ ఉంటారు, తర్వాత పూటకొకరు వస్తారు, తర్వాత గదిలో వాసన అంటారు. అలా వెళ్ళిపోయినవాళ్ళు మళ్ళీ ఆసుపత్రికి వచ్చినప్పుడు హుషారమ్మ పోల్చుకోలేకపోయిన సందర్భాలున్నాయి.

"సాయంత్రందాకా టైముంది" అంది పెద్ద మేడమ్. "నువ్వే ఒకసారి నవ్వించి చూడు. నీ మాటైతే వింటాడు."

"మేడమ్, ఒక్క మాట."

"ఊఁ, చెప్పు."

పెద్ద మేడమ్ నిజంగానే ఆగింది. తల కొంచెం వంచి, వినడానికి సిద్ధంగా నిలబడింది. హుషారమ్మ ఎడమ చేతిని కోటు జేబులో పెట్టుకుంది.

"మీ చెప్పులు కొత్తవి కదూ? చాలా బాగున్నాయి."

"నీతో వేగలేం తల్లీ" అని పెద్ద మేడమ్ నవ్వి, భుజం తట్టి వెళ్ళిపోయింది.

ఆవిడ చెప్పుల చప్పుడు వార్డు గుమ్మం దాటేదాకా హుషారమ్మ అలాగే నిలబడింది. తన మీద తనకే అసహ్యమేసింది. అడుగడుగునా అబద్ధమాడే మనిషి కాదు ఆవిడ. ఎప్పుడూ ఎవరికీ ఏదీ లేదని చెప్పలేదు. నవ్వింది, అంతే. ఆ నవ్వే ఇప్పుడు ఒక మనిషిని తీసుకెళ్ళి మంచంలో పడేస్తోంది.

ఆవిడ మంచం చుట్టూ ఉన్న తెర బరబరా లాగేసింది. కిటికీ వైపు తప్ప మూడువైపులా నీలం గుడ్డ. మంచానికి ఇవతల స్టూలు మీద కూర్చుంది.

"మాస్టారూ, మీరు పడింది మీ కాలు వల్ల కాదు. నా చేతి వల్ల. బెల్టు నేను వదిలేశాను."

మాస్టారు మొదటిసారి గోడవైపునుంచి తల తిప్పి చూశాడు.

"కావాలని వదల్లేదు. పట్టుకున్నాననే అనుకున్నా. నా ఎడమ చేతిలో పట్టు లేదు. చాలా రోజులుగా లేదు. మీ మోకాలు మడతపడ్డమాట నిజమే, కానీ అది అందరికీ పడుతుంది. నేను సరిగ్గా పట్టుకుని ఉంటే మీరు పడేవాళ్ళే కాదు."

మాస్టారు కాసేపు ఆవిణ్ణి చూశాడు. తర్వాత ఆ పగిలిన పెదాలమీద నవ్వు వచ్చింది. అన్ని రోజులకి అదే మొదటి నవ్వు.

"బాగా అల్లావమ్మా. నన్ను లేపడానికి నువ్వు ఎంతకైనా తెగిస్తావని తెలుసు."

"అల్లడం కాదు, నిజం చెప్తున్నా."

"నిన్నటికంటే అడుగు రెండంగుళాలు ఎక్కువ పడింది మాస్టారూ అనేదానివి. పడలేదని నాకు తెలీదా? నా టేపు నాకు అబద్ధం చెప్తుందా? ముసలాణ్ణి సంతోషపెట్టడానికి అంటున్నావులే అని ఊరుకునేవాణ్ణి. ఇదీ అలాంటిదే. మనసు మంచిది నీది. కానీ వద్దు."

"మాస్టారూ, ఒట్టు."

"చూడు, ఇప్పుడు కూడా నవ్వుతూనే చెప్తున్నావు."

హుషారమ్మ చటుక్కున చెయ్యెత్తి తన బుగ్గ తడుముకుంది. నిజమే. పెదాలు సాగి ఉన్నాయి, బుగ్గలు పైకి లేచి ఉన్నాయి. ఆ తెల్లకోటు వేసుకుని రోగి ఎదుట కూర్చుంటే మొహం దానంతటదే అలా తయారైపోతోంది. దాన్ని దింపాలని చూసింది. ఎలా దింపాలో తెలియలేదు. ఆ క్షణంలో ఆవిడకి తన చేతి గురించి కంటే తన మొహం గురించి ఎక్కువ భయమేసింది.

ఇంక మాటలు దండగని తేలిపోయింది. జేబులోంచి ఎడమ చెయ్యి తీసింది.

"మీ మంచి చెయ్యి ఇలా ఇవ్వండి. రెండు వేళ్ళు చాలు."

ఆయన ఎడమ చేతి వేళ్ళు రెండు తన ఎడమ అరచేతిలో పెట్టుకుని మూసింది. రోజూ పొద్దున ఆయన బలం చూడటానికి తను చేసే పరీక్షే అది. ఇప్పుడు తిరగబడింది.

"నేను నా బలమంతా పెట్టి పట్టుకుంటున్నా. లాక్కోండి."

మాస్టారు లాక్కున్నాడు. జేబులోంచి రుమాలు తీసినంత సులువుగా వేళ్ళు బయటికి వచ్చేశాయి.

"వదులుగా పట్టుకున్నావు."

"మళ్ళీ చూడండి."

ఈసారి ఆవిడ పళ్ళు బిగించింది. మెడనరాలు పొంగాయి, మొహం కందిపోయింది. చెయ్యి మాత్రం గాలిలో వణికింది, అంతే. వేళ్ళు మళ్ళీ జారాయి. ఇంత కష్టాన్ని ఎవరూ నటించలేరని మాస్టారికి ఆ మెడ చెప్పింది. ఆవిడ రెండు చేతులూ పక్కపక్కన దుప్పటిమీద బోర్లించి పెట్టింది.

"బొటనవేలి పక్కన తడిమి చూడండి. ఈ చెయ్యి, ఆ చెయ్యి."

మాస్టారు తడిమాడు. కుడిచేతి దగ్గర కండ నిండుగా ఉంది. ఎడమచేతి దగ్గర వేలు లోపలికి దిగబడింది. ఆయన ఆ గుంటలోంచి వేలు తియ్యలేదు.

"మా లెక్కలో కండ బలానికి అయిదు మార్కులు" అంది హుషారమ్మ. "నాకు నేను నాలుగు వేసుకున్నా మాస్టారూ. ఇదే చెయ్యి రోగిదైతే మూడు కూడా వేసేదాన్ని కాదు."

ఆవిడ మొహం మీద నవ్వు ఎప్పుడు పోయిందో ఆవిడకి తెలియలేదు. మాస్టారికి తెలిసింది. ఆయన నవ్వూ అప్పుడే పోయింది.

"డాక్టరుకి చూపించావా?"

"లేదు."

"ఇంట్లో?"

"లేదు."

"మరి ఇక్కడ ఎవరికి తెలుసు?"

"మీకే."

మాస్టారు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. జాలిపడతాడని ఆవిడ అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. ముసలాయనకి వచ్చింది జాలి కాదు.

"అంటే, నేను నా కాలే అన్నప్పుడు నువ్వు పక్కనే నిలబడి విన్నావు."

"విన్నాను."

"ఇన్ని రోజులూ ఈ కాలిని నోటికొచ్చినట్టు తిట్టుకున్నానమ్మా. పిడికిలితో గుద్దుకున్నాను. చూడు, తొడ ఎలా కమిలిపోయిందో. మిషను ఇచ్చెయ్యమన్నా. మా అమ్మాయి ఫోనులో ఏడ్చింది, నోర్ముయ్యమన్నా. నువ్వు మాత్రం రోజూ హాల్లో నవ్వుకుంటూ తిరుగుతున్నావు. ఆ నవ్వులు ఇక్కడిదాకా వినబడుతున్నాయి."

ఒక్కో మాటా చెంపదెబ్బలా తగిలింది.

"నీకేం ద్రోహం చేశానమ్మా నేను? నువ్వు పట్టుకుంటేనే లేస్తానన్నా. అదేనా?"

"భయమేసింది మాస్టారూ" అంది హుషారమ్మ. ఆ గొంతు ఆవిడదిలా లేదు. "ఇది తెలిస్తే రేపట్నుంచి నన్ను ఏ రోగినీ ముట్టుకోనివ్వరు. అది పోతే పోనీ. ఇలా మొదలైనవాళ్ళని నేను చూశాను. ముందు చెయ్యి. తర్వాత ఇంకో చెయ్యి. తర్వాత కాళ్ళు. చివరికి మింగడం కూడా రాదు. ఇదే అదని తెలీదు, కాకపోవచ్చు కూడా. తెలుసుకోవడానికి వెళ్ళలేకపోతున్నా. నాకో చిన్నపిల్ల ఉంది. దాని జడ కూడా అల్లలేకపోతున్నా."

చెప్పేసింది. ఇన్ని నెలలు కడుపులో దాచుకున్నది ఒక కోపంతో ఉన్న ముసలాయన ముందు, నీలం తెర చాటున బయటపెట్టేసింది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు.

తెర అవతల నర్సు ఎవరికో మాత్రలు లెక్కపెట్టి ఇస్తోంది. ఒక ట్రాలీ కిర్రుమంటూ పోయింది. ఆయన కోపం పూర్తిగా పోలేదు. అది పోకముందే దాని వెనకనుంచి ఇంకోటి వచ్చి ఆయన మొహంలోకి చేరింది.

"అయితే నా కాలు తప్పేం లేదన్నమాట" అన్నాడు నెమ్మదిగా.

"లేదు మాస్టారూ."

"అది నిలబడేదే."

"నిలబడేది. రోజూ నిలబడుతూనే ఉంది."

ఆయన దుప్పటి తీసేశాడు. మంచి చేత్తో కుడికాలిని పట్టుకుని మంచం అంచుకి జరిపాడు.

"మాస్టారూ, ఆగండి. బెల్టు తెస్తా. గళ్ళచొక్కాని పిలుస్తా, తను పట్టుకుంటాడు."

"ఎవరూ వద్దు. నా కాలు నేను చూసుకోవాలి. ఇన్ని రోజులు దాన్ని అనరాని మాటలన్నాను."

"రోజుల తరబడి పడుకుని ఉన్నారు, కండ నీరసించి ఉంటుంది. ఒక్క నిమిషం..."

ఆ ఒక్క నిమిషం ఇవ్వడానికి ఆయన సిద్ధంగా లేడు. ఎడమ చెయ్యి మంచం పట్టెకి ఆనించి, ముందుకి వంగి, ఆవిడే నేర్పిన పద్ధతిలో బరువు పాదాలమీదకి తెచ్చుకుని లేచేశాడు. హుషారమ్మ ఒక్క ఉదుటున ఆయన కుడిపక్కకి చేరింది. కుడిచెయ్యి ఆయన ఛాతీకి అడ్డంగా పెట్టింది. ఎడమ చేత్తో వెనకనుంచి చొక్కా పట్టుకుంది.

కాలు నిలబడింది. మాస్టారు కిందకి వంగి దాన్ని చూసుకున్నాడు. చిన్నపిల్లాడిలా మొహం వెలిగిపోయింది. "చూశావా! చూశావా!" అన్నాడు. హుషారమ్మకి ఆ క్షణంలో తన చెయ్యి గుర్తులేదు, రేపు గుర్తులేదు. పాడైపోయిన దాంట్లోంచి ఏదో ఒకటి తిరిగొచ్చిందని మాత్రం తెలిసింది. చాలా నెలల తర్వాత లోపలినుంచి సంతోషం కలిగింది.

ఆయన అడుగేశాడు. వద్దంటున్నా ఇంకో అడుగేశాడు, కిటికీ వైపుకి. మంచం పట్టె ఆయన చేతికి అందనంత దూరంలో ఉండిపోయింది. కిటికీ ఇంకా అందలేదు. మధ్యలో పట్టుకోవడానికి ఏమీ లేదు, ఆవిడ తప్ప.

మోకాలు వణకడం హుషారమ్మకి ముందు తన అరచేతిలో తెలిసింది. అలాంటి వణుకు తర్వాత ఏమవుతుందో ఆవిడకి బాగా తెలుసు. ఆయన వెనక్కి వాలుతున్నాడు. ఛాతీకి అడ్డంపెట్టిన కుడిచెయ్యి ముందుకి పడకుండా ఆపగలదుగానీ, వెనక్కి పడితే చెయ్యగలిగింది లేదు. ఆ చెయ్యి తీసి వెనక్కి తెద్దామంటే ముందుకి ఒరుగుతాడు. వెనక ఉన్నది రాతినేల, మంచం ఇనుప కోడు. చొక్కా పట్టుకున్న ఎడమచేతి వేళ్ళు ఒక్కటొక్కటే విచ్చుకుంటున్నాయి. ఆవిడ వాటికి చెప్తోంది, అవి వినడం లేదు.

"అమ్మా..." అన్నాడు మాస్టారు.

నాలుక చివర పరాచికమొకటి వచ్చి నిలబడింది. ఎన్నేళ్ళ అలవాటో. ఆవిడ దాన్ని మింగేసింది. గుండెలనిండా ఊపిరి పీల్చుకుని, ఆ వార్డులో ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచింది.

"ఎవరైనా రండి! నా చేతిలో పట్టు లేదు! నా వల్ల కావట్లేదు, పడిపోతున్నారు, రండి!"

తెర అవతల ఒక్క క్షణం చప్పుడు ఆగింది. తర్వాత పక్కమంచం ఆయన కిసుక్కున నవ్వాడు. నర్సు నవ్వింది. వాళ్ళని చూసి ఇంకెవరో నవ్వారు.

"మాస్టారు లేచినట్టున్నాడు" అన్నాడు గళ్ళచొక్కా, గుమ్మం దగ్గర్నుంచి సంతోషంగా. "మా అక్క పరాచికాలు మొదలెట్టింది!"